సూది మందు లేకుండా పురిటి నొప్పులు ఎలా ఓర్చుకోవాలి? సీమ అక్కలు, చెల్లెళ్ళు చెప్పండి

తుంగభద్ర_తీరం (కర్నూలు)

అందరికీ నమస్తే. నాకు ఎనిమిదో నెల నడుస్తోంది. తొలి కాన్పు. పురుడు పుట్టింట్లోనే, కర్నూలులోనే. నేను చూపించుకుంటున్నది చిన్న నర్సింగ్ హోం. బీపీ, షుగర్ అన్నీ నార్మల్‌గా ఉన్నాయని, బిడ్డ తల కిందికే తిరిగిందని, నార్మల్‌కే ప్రయత్నిద్దామని మేడం చెప్పింది. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే సూది మందు, ఎపిడ్యూరల్ గురించి అడిగాను. మత్తు డాక్టరు బయటినుంచి వస్తారట, ఆపరేషన్ ఉంటేనే పిలుస్తారట. అర్ధరాత్రి నొప్పుల కోసం పిలిపించడం తమ దగ్గర కుదరదని చెప్పేసింది.

అంటే మందు లేకుండానే నెట్టుకురావాలి. మా అమ్మేమో "పళ్ళు బిగబట్టుకుని ఓర్చుకోవాలి, మేమంతా కనలేదా" అంటుంది. మా వదిన "అరిస్తే నర్సులు తిడతారు, నోరు మూసుకుని ఉండు" అంటుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. నొప్పి తగ్గడానికి నిజంగా పనికొచ్చేవి ఏవి, ఊరికే డబ్బు దండగ ఏవి? పక్కన ఉండేవాళ్ళు ఏం చేయాలి? మన ఊళ్ళలో, మన ఆసుపత్రుల్లో కుదిరేవే చెప్పండి. నీళ్ళ తొట్టిలో కాన్పుల వీడియోలు చాలా చూశాను, అవి ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి!


పెన్నమ్మ_ఒడ్డు (అనంతపురం)

చెల్లీ, ముందు ధైర్యంగా ఉండు. నాకు ఇద్దరు పిల్లలు, రెండూ నార్మలే, రెండూ మందు లేకుండానే. కానీ రెండిటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

మొదటిసారి ఆసుపత్రిలో అడుగు పెట్టగానే వెల్లకిలా పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. మా అమ్మను బయటికి పంపేశారు. తిరగడానికి లేదు, లేవడానికి లేదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ నడుము విరిగిపోతున్నట్టు ఉండేది. పక్క మంచం మీద ఇంకొకరు అరుస్తుంటే నాకు వణుకు పుట్టేది. నొప్పి కంటే ఆ ఒంటరితనమే నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండోసారి వేరేచోట చూపించుకున్నాను. అక్కడ చిన్నమ్మను నాతోపాటు లోపల ఉండనిచ్చారు. నొప్పి లేనప్పుడు వరండాలో నడిచాను. నొప్పి వస్తే కిటికీ గట్టు మీద మోచేతులు ఆనించి ముందుకు వంగి నిలబడేదాన్ని. చిన్నమ్మ వెనక నుంచి నడుము కింద అరచేత్తో గట్టిగా అదిమి పట్టేది. తను చేయి తీస్తే చాలు, నొప్పి రెట్టింపైనట్టు అనిపించేది. రెండో కాన్పు మామూలుగానే త్వరగా అవుతుందంటారు, అదీ నిజమే. అయినా ఆ చేయి లేకపోతే నా వల్ల అయ్యేది కాదు.

అందుకని నువ్వు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. నీ పక్కన ఎవరు ఉంటారు? నిన్ను లేచి తిరగనిస్తారా? ఈ రెండూ మీ మేడంను ఇప్పుడే అడుగు. నొప్పులు మొదలయ్యాక అడిగే ఓపిక ఉండదు.


లేబర్‌రూం_అక్క (కడప)

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. చాలా ఏళ్ళుగా ప్రసూతి వార్డులోనే డ్యూటీ. పెన్నమ్మ గారు చెప్పిన మాట అక్షరాలా నిజం, దానికే కొంచెం వివరంగా రాస్తాను.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు సమయంలో ఎలా చూసుకోవాలో పెద్ద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న గర్భిణిని తిరగనివ్వాలని, కూర్చోవడమో నిలబడడమో ఆమెకు నచ్చినట్టు ఉండనివ్వాలని, ఆమె కోరుకున్న మనిషిని తోడు ఉంచాలని అందులో ఉంది. ఊపిరి సాధన, ఒళ్ళు వదులు చేసుకోవడం, సంగీతం, మసాజ్, వేడి కాపడం, ఇవన్నీ అడిగిన వాళ్ళకు ఇవ్వాలనీ రాశారు. ఎనిమా, వెంట్రుకలు గీయడం అందరికీ అవసరం లేదన్నారు. బిడ్డ రావడానికి పైనుంచి పొట్ట నొక్కడం చేయకూడదన్నారు. అది ఇప్పటికీ కొన్నిచోట్ల చేస్తున్నారు, నాకు బాధగా ఉంటుంది.

తోడు విషయంలో మన ప్రభుత్వం కూడా స్పష్టంగానే ఉంది. 2016లోనే కేంద్ర ఆరోగ్యశాఖ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక ఆడమనిషిని తోడు అనుమతించమని చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదుల్లో సేవలు మెరుగుపరచడానికి 2017 డిసెంబరులో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలోనూ ఆ మాట ఉంది. కాబట్టి "తోడు మనిషిని రానివ్వండి" అని అడగడం మొండితనం అవుతుందేమోనని జంకకండి. మేం ఒకే హాల్లో నలుగురైదుగురిని చూసుకోవాల్సి వచ్చినప్పుడు, తోడున్న తల్లి దగ్గర మాకూ పని తేలిక.

ఇక నొప్పి సంగతి. తొలి కాన్పులో గర్భసంచి నోరు 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా చాలా నెమ్మదిగా సాగుతుంది. ఒక పూట కావచ్చు, ఒక రోజు దాటవచ్చు. మన ఆడపిల్లలు ఇక్కడే అలిసిపోతారు. ఈ దశలో నొప్పులు వచ్చి పోతుంటాయి, మధ్యలో మాట్లాడగలుగుతారు. అప్పుడు ఇంట్లోనే ఉండి గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయాలి, రాత్రైతే నిద్రపోవాలి, తేలికగా ఏదైనా తినాలి. 5 సెంటీమీటర్లు దాటాక నొప్పులు దగ్గరదగ్గరగా, గట్టిగా వస్తాయి. ఈ దశ తొలి కాన్పులో మామూలుగా 12 గంటలు దాటదు.

మీ అమ్మగారు చెప్పినట్టు పళ్ళు మాత్రం బిగబట్టకు తల్లీ. దవడ బిగిస్తే మెడ, భుజాలు, తొడలు, అడుగుభాగం అన్నీ బిగుసుకుంటాయి. నోరు కొంచెం తెరిచి "ఊఁ..." అని లోగొంతుతో మూలుగు. ఆ శబ్దం లోతుగా ఉంటే ఒళ్ళు వదులవుతుంది. కీచుగా అరిస్తే ఊపిరి పైపైన ఆగి ఓపిక త్వరగా అయిపోతుంది. మూలిగినందుకు ఎవరూ తిట్టకూడదు. తిట్టే వాళ్ళున్నారని నాకూ తెలుసు, వాళ్ళ మాట పట్టించుకోవద్దు.

రెండు గంటలకొకసారి మూత్రానికి వెళ్ళాలి. ఇది ఎవరూ చెప్పరు. నిండిన మూత్రసంచి బిడ్డ తలకు అడ్డం పడుతుంది, నొప్పి కూడా ఎక్కువవుతుంది. అంతదూరం నడిచినట్టూ అవుతుంది.


తుంగభద్ర_తీరం (కర్నూలు)

అక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఇంకో సమస్య ఉంది. అమ్మకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అత్తమ్మ వస్తానంటుంది, కానీ ఆమె నాకంటే ఎక్కువ ఏడుస్తుంది. మా ఆయన్ని రానిస్తారో లేదో తెలియదు.


వెన్నుపూస (కర్నూలు)

నేను ఫిజియోథెరపిస్టుని, గర్భిణులకు వ్యాయామాలు నేర్పిస్తుంటాను. తోడు వచ్చేవాళ్ళకు ఏం చేయాలో నేర్పితే ఏడుపు సగం తగ్గుతుందండి. చేతికి పని ఉంటే మనసు కుదుటపడుతుంది.

నడుము అదమడం ఎందుకు పనిచేస్తుందంటే, 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన సిద్ధాంతం ఒకటుంది. ఒత్తిడి, స్పర్శ మోసే నరాలు లావుగా ఉంటాయి, వాటి కబురు వేగంగా వెళ్తుంది. నొప్పి మోసేవి సన్నవి. గట్టిగా అదిమినప్పుడు ఆ వేగంగా వెళ్ళే కబురు వెన్నుపాములో నొప్పికి దారి మూసేస్తుంది. దెబ్బ తగిలిన చోట మనం తెలియకుండానే రుద్దుకుంటాం కదా, అదే ఇది.

చేసే పద్ధతి రాస్తాను, ఇప్పటినుంచే ఇంట్లో సాధన చేయండి.

ఒకటి, నడుము కింద ఒత్తిడి. పిరుదుల చీలిక మొదలయ్యే చోటికి పైన పలకలాంటి ఎముక చేతికి తగులుతుంది. దాని మీద అరచేతి మడమ ఆనించాలి. మోచేయి వంచకుండా, మనిషి బరువంతా ముందుకు వాల్చి అదమాలి. నొప్పి మొదలైన క్షణం నుంచి పోయేదాకా చేయి కదపకూడదు. రుద్దడం, గోకడం వద్దు. ఎంత గట్టిగా కావాలో ఆమె చెప్తుంది. మామూలుగా మనం ఊహించినదానికంటే చాలా ఎక్కువే అడుగుతారు. చేయి నొప్పి పుడితే సాక్సులో రెండు టెన్నిస్ బంతులు వేసి ముడి కట్టి వాటితో అదమండి.

రెండు, తుంటి నొక్కడం. ఆమె మంచం మీదికో కుర్చీ మీదికో వాలి ఉండగా మీరు వెనక నిలబడండి. రెండు అరచేతులు పిరుదుల పక్కల కండ ఉన్న చోట పెట్టి, రెండు వైపుల నుంచి లోపలికి, కొంచెం పైకి నొక్కండి. నడుములోనే ఎక్కువ నొప్పి ఉన్నవాళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది. అలాంటివాళ్ళలో చాలాసార్లు బిడ్డ వీపు తల్లి వీపు వైపు తిరిగి ఉంటుంది. వాళ్ళు వెల్లకిలా అసలు పడుకోకూడదు. మోకాళ్ళు, అరచేతులు నేల మీద ఆనించి ఉంటే బిడ్డ బరువు నడుము మీదినుంచి తప్పుకుంటుంది.

పెద్ద గాలిబంతి కొనుక్కోవచ్చు, డబ్బు దండగేమీ కాదు. మామూలు ఎత్తున్న ఆడవాళ్ళకు 55 సెంటీమీటర్లది, పొడుగ్గా ఉంటే 65ది. కూర్చుంటే మోకాళ్ళకంటే తుంటి కొంచెం ఎత్తులో ఉండాలి. పగలని రకమే తీసుకోవాలి, వెనకో మనిషి ఉండాలి, కింద జారే గచ్చు అయితే చాప వేసుకోవాలి. బంతి లేకపోతే ప్లాస్టిక్ కుర్చీ మీద వెనక్కి తిరిగి, వీపు వైపు ఛాతీ ఆనించి కూర్చున్నా చాలావరకు సరిపోతుంది.

టెన్స్ మిషన్ గురించి చాలామంది అడుగుతారు. నడుముకు పట్టీలు అంటించి చిన్న కరెంటు తిమ్మిరి ఇస్తుంది. నొప్పి కచ్చితంగా తగ్గిస్తుందని పరిశోధనల్లో గట్టి రుజువు లేదు. కొంతమందికి మనసు మళ్ళించడానికి పనికొస్తుంది. 37 వారాలలోపు వాడొద్దు, పేస్‌మేకర్ ఉంటే వద్దు, స్నానం చేసేటప్పుడు తీసేయాలి. దీనికోసం అప్పు చేసి కొనవద్దు.


ఆదోని_అబ్బాయి (ఆదోని)

నేను మగవాణ్ణి, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. మా ఆవిడ కాన్పు ప్రైవేటులో అయింది. విడి గది కాబట్టి నన్ను లోపల ఉండనిచ్చారు. ప్రభుత్వ ఆసుపత్రిలో అందరూ ఒకే హాల్లో ఉంటారు కాబట్టి మగవాళ్ళను రానివ్వకపోవడం న్యాయమే.

నేను చేసింది చెప్తాను, భర్తలకు పనికొస్తుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బయట మా తమ్ముడికి ఇచ్చేశాను. లేకపోతే రెండు వైపుల చుట్టాలు "ఇంకా కాలేదా" అని చంపుతారు. నొప్పి వచ్చినప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు, తనకు అప్పుడు ఏ మాటా వినబడదు. నొప్పి పోయాక ఒక గుక్క నీళ్ళు, తడి గుడ్డతో ముఖం, "అయిపోయింది, వదిలెయ్" అని ఒక్క మాట. మే నెల, మన ఆదోని ఎండ మీకు తెలుసు, కరెంటు పోతే విసనకర్రే దిక్కు. తను ఊపిరి బిగబడుతున్నట్టు అనిపిస్తే నేనే గట్టిగా ఊపిరి వదిలేవాణ్ణి. తను నన్ను చూసి వదిలేది.

ఒక దశలో "నా వల్ల కాదు, ఆపరేషన్ చేసేయమను" అని నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సిస్టరమ్మ చూసి "పూర్తిగా తెరుచుకోబోయే ముందు చాలామంది ఇట్లే అంటారు, బిడ్డ గుండె బాగుంది, ఇంకొంచెమే" అంది. అది ముందే తెలిసి ఉంటే నేను అంత భయపడేవాణ్ణి కాదు. అందుకే రాస్తున్నా.


బ్రహ్మంసాగర్ (మైదుకూరు)

మా జేజికి ఈ చర్చ చదివి వినిపిస్తే నవ్వింది. వాళ్ళ కాలంలో దూలానికి చీర కట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకుని గొంతుకూర్చుని కనేవాళ్ళట. మంత్రసాని వెనక కూర్చుని నడుము పట్టేదట. "పండుకోబెట్టి కనమంటే ఎట్ల కంటారు" అంటోంది. ఇంకో మాట కూడా చెప్పింది, నొప్పులు మొదలైనట్టు అనిపిస్తే జీలకర్ర కషాయం తాగించేవాళ్ళట, దొంగ నొప్పులైతే తగ్గిపోతాయి, నిజం నొప్పులైతే ఎక్కువవుతాయి అని. ఆముదం కూడా తాగించేవాళ్ళట. ఇవి చేయొచ్చా అక్కా?


లేబర్‌రూం_అక్క (కడప)

జేజికి నా నమస్కారాలు చెప్పమ్మా. నిటారుగా ఉండడం గురించి ఆమె చెప్పిందే ఇప్పుడు పరిశోధనలూ చెప్తున్నాయి. మొదటి దశలో నిలబడి, నడుస్తూ, కూర్చుని ఉన్నవాళ్ళకు పడుకున్నవాళ్ళకంటే సగటున గంటకు పైగా తక్కువ సమయం పట్టినట్టు తేలింది. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడుతుంది, తల్లికి కళ్ళు తిరుగుతాయి, బిడ్డకు రక్తం తగ్గుతుంది. పడుకోవాల్సి వస్తే ఎడమ పక్కకు తిరిగి, కాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలి.

జీలకర్ర కషాయం ఒక గ్లాసు తాగితే ఏమీ కాదు, కడుపుకు హాయిగానే ఉంటుంది. కానీ దాన్ని పరీక్షగా పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరడం ఆపొద్దు. దొంగ నొప్పులు నడిచినా, పక్క మారినా, స్నానం చేసినా తగ్గుతాయి. నిజం నొప్పులు తగ్గవు, దగ్గరపడతాయి.

ఆముదం వద్దు. విరేచనాలై ఒంట్లో నీళ్ళు పోతాయి, గర్భసంచి అదుపు లేకుండా ముడుచుకోవచ్చు. అంతకంటే ముఖ్యంగా ఇది అందరూ చదవండి. పల్లెల్లో ఇంకా కొందరు ఊరి ఆర్‌ఎంపీని పిలిపించి "నొప్పుల సూది" వేయిస్తున్నారు. త్వరగా అయిపోతుందని వాళ్ళ ఆశ. ఆ సూదిలో ఉండేది ఆక్సిటోసిన్. ఆసుపత్రిలో దాన్ని సెలైన్‌లో చుక్క చుక్క లెక్కపెట్టి, బిడ్డ గుండె చూసుకుంటూ ఇస్తాం. ఇంట్లో ఒక్కసారిగా కండకు వేస్తే నొప్పులు మధ్యలో విరామం లేకుండా వస్తాయి, బిడ్డకు ఊపిరి అందదు, గర్భసంచి చిట్లిపోవచ్చు. అలా వచ్చిన తల్లులను నేను చూశాను. దయచేసి ఎవరింట్లోనూ ఇది జరగనివ్వకండి.


గుంతకల్లు_జంక్షన్ (గుంతకల్లు)

అందరూ చెప్పింది బాగుంది. నాది కొంచెం వేరే మాట. నేను ఊపిరి సాధన, బంతి, మసాజ్ అన్నీ నేర్చుకుని వెళ్ళాను. చాలాసేపు బాగానే నడిచింది. తర్వాత తట్టుకోలేక ఎపిడ్యూరల్ అడిగాను. ఆ ఊళ్ళో దొరికింది కాబట్టి ఇచ్చారు. ఆఖరికి బిడ్డ గుండె తగ్గుతోందని సిజేరియన్ చేశారు. బిడ్డ క్షేమం. కానీ ఇంటికొచ్చాక నన్ను తినేసింది ఏంటంటే, చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "అయ్యో, నార్మల్ కాలేదా, ఇంకొంచెం ఓర్చుకోవాల్సింది" అనడం. బాలింతగా ఉన్నప్పుడు ఆ మాటలు ఎంత గుచ్చుకుంటాయో.

మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. అందులో అవసరం లేనివి ఉండొచ్చు. కానీ అవసరమై చేయించుకున్న తల్లి తల దించుకోవాల్సిన పని లేదు. మందు లేకుండా కనడం గొప్ప, మందు అడగడం చేతకానితనం అన్నట్టు మాట్లాడొద్దని అందరినీ వేడుకుంటున్నాను.


లేబర్‌రూం_అక్క (కడప)

గుంతకల్లు చెల్లీ, నువ్వు చెప్పింది వంద శాతం నిజం. నేను మొదట చెప్పిన ఆ మార్గదర్శకాల్లోనే, ఆరోగ్యంగా ఉన్న తల్లి అడిగితే ఎపిడ్యూరల్ ఇవ్వాలనీ ఉంది. మేం చెప్పేవి ఏవీ నొప్పిని మాయం చేయవు. భరించగలిగేలా చేస్తాయి, భయం తగ్గిస్తాయి, అంతే. అవి చాలకపోతే మందు అడగడం తల్లి హక్కు. ఆ మందు చాలా ఊళ్ళలో దొరకకపోవడం మన వ్యవస్థలో ఉన్న లోటు.


వెన్నుపూస (కర్నూలు)

భయం తగ్గితే నొప్పి తగ్గడం గురించి ఒక మాట. ఇంగ్లాండులో గ్రాంట్లీ డిక్-రీడ్ అనే డాక్టరు 1930లలోనే చెప్పాడు, భయపడితే ఒళ్ళు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే ఇంకా భయపడతారు అని. తర్వాత 1950లలో ఫ్రాన్స్ డాక్టరు ఫెర్నాండ్ లమాజ్ ఊపిరి పద్ధతులను ప్రచారంలోకి తెచ్చాడు. అప్పట్లో కుక్కలా వగర్చే ఊపిరి నేర్పేవాళ్ళు. ఇప్పుడు అలా చెప్పడం లేదు, ఎక్కువసేపు చేస్తే వేళ్ళు తిమ్మిరెక్కి కళ్ళు తిరుగుతాయి. ముక్కుతో నెమ్మదిగా తీసుకుని, నోటితో ఇంకా నెమ్మదిగా వదలడం చాలు. పూర్తిగా తెరుచుకోకముందే ముక్కాలనిపిస్తే మాత్రం చిన్న చిన్నగా ఊదమని సిస్టర్ చెప్తారు, అప్పుడు ఊదాలి.

రోజూ పడుకునేముందు సాధన చేయండి. ఐస్ గడ్డ చేతిలో ఒక నిమిషం పట్టుకుని, ఊపిరి తప్పకుండా వదలగలిగితే మీకు పట్టు వచ్చినట్టే.


తుంగభద్ర_తీరం (కర్నూలు)

ఈరోజు చెకప్‌కు వెళ్ళి మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని మేడంను అడిగాను. మొదట "ఇవన్నీ నెట్‌లో చదివావా" అంది కానీ, కూర్చుని ఓపిగ్గానే చెప్పింది. ఒక మనిషిని లోపలికి రానిస్తారట. గది విడిగా ఉంది కాబట్టి ఆయనైనా సరే, అత్తమ్మైనా సరే, చెరో కొంతసేపు మారొచ్చు. బిడ్డ గుండె మధ్యమధ్యలో చిన్న మిషన్‌తో చూస్తారు కాబట్టి నడవొచ్చు. గుండె చప్పుడులో తేడా వచ్చినా, సెలైన్‌లో నొప్పుల మందు పెట్టినా బెల్టు కట్టి ఉంచుతారట, అప్పుడు మంచం పక్కనే నిలబడడం, కుర్చీలో కూర్చోవడం కుదురుతుంది. తినడానికి మాత్రం ఒప్పుకోలేదు. కొబ్బరినీళ్ళు, మజ్జిగ, పలచని రాగి జావ వరకు సరేనంది. వేడినీళ్ళ బ్యాగు తెచ్చుకోమంది, స్నానాల గదిలో గీజర్ ఉందట.

అత్తమ్మకు తుంటి నొక్కడం నేర్పిస్తున్నా. మొదటిరోజు గట్టిగా నొక్కడానికి భయపడింది. ఇప్పుడు చపాతీ పిండి కలిపే బలమంతా చూపిస్తోంది. ఏడుపు మాట ఎత్తడం లేదు!

వేడి కాపడం ఎక్కడ పెట్టాలి? ఎంత వేడి ఉండాలి?


లేబర్‌రూం_అక్క (కడప)

చాలా సంతోషం తల్లీ. వేడినీళ్ళ బ్యాగు గుడ్డలో చుట్టి, ముందు నీ ముంజేతి మీద పెట్టి చూడాలి. హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. నడుము కింద, తొడల మీద, పొత్తికడుపు కింద పెట్టొచ్చు. ఒకేచోట ఎక్కువసేపు వద్దు. షవర్ ఉంటే స్టూలు మీద కూర్చుని గోరువెచ్చని నీళ్ళు నడుము మీద పడనివ్వు, అది చాలామందికి బంతికంటే బాగా నచ్చుతుంది. వేసవైతే చల్లని గుడ్డే హాయి, అదీ తప్పు కాదు.

ముక్కే దశ వచ్చాక శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీళ్ళలో ముంచి బిడ్డ తల వచ్చే చోట ఆనించి పట్టుకోవాలని నర్సును అడుగు. మంట తగ్గుతుంది, లోతుగా చిరగడమూ తగ్గుతుందని తేలింది. ఆ సమయంలో పక్కకు తిరిగి పడుకుని కూడా కనొచ్చు. గొంతుకూర్చోవడం అలవాటు లేనివాళ్ళకు కాళ్ళు వణుకుతాయి, బలవంతం వద్దు.


కందిచేను (పత్తికొండ)

మాది పత్తికొండ దగ్గర పల్లె. మా చెల్లెలికి తొమ్మిదో నెల, కర్నూలులో చూపిస్తున్నాం. బస్సులో, ఆటోలో పోయేసరికి రెండు గంటలు. "5 సెంటీమీటర్ల దాకా ఇంట్లోనే ఉండు" అంటే మాకెట్లా తెలుస్తుంది? దారిలో నొప్పులు వస్తే ఏం చేయాలి?


లేబర్‌రూం_అక్క (కడప)

మంచి ప్రశ్న అడిగారు. ఊళ్ళో, ఆసుపత్రి పక్కనే ఉన్న తొలి కాన్పు వాళ్ళకు మేం చెప్పే లెక్క ఇది. నొప్పి 5 నిమిషాలకొకసారి రావాలి, ఒక్కొక్కటి నిమిషం ఉండాలి, అలా గంటసేపు సాగాలి. మీకు అది వర్తించదు. రెండు గంటల దూరం కాబట్టి 10 నిమిషాలకొకసారి క్రమం తప్పకుండా వస్తున్నాయంటే చాలు, బయల్దేరండి. రెండో కాన్పైతే ఇంకా ముందే. నెలలు నిండాక ఆ నాలుగు రోజులు కర్నూలులో చుట్టాలింట్లో ఉండగలిగితే అన్నిటికంటే మేలు.

నొప్పులతో సంబంధం లేకుండా వెంటనే వెళ్ళాల్సినవి ఇవి: ఉమ్మనీరు పోవడం, అది ఆకుపచ్చగా ఉంటే మరీ త్వరగా; ఎర్రని రక్తం ధారగా పోవడం; బిడ్డ కదలిక తగ్గడం; తల పగిలిపోయేంత నొప్పి, కళ్ళు మసకబారడం; ఫిట్స్; 37 వారాలు నిండకముందే నొప్పులు. వీటికి కషాయాలు, కాపడాలు, ఊపిరి సాధన ఏవీ పనికిరావు. 108కు ఫోన్ చేయండి.

బండిలో వెల్లకిలా పడుకోబెట్టొద్దు. ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టండి. లేదా వెనక సీటు మీద మోకాళ్ళపై కూర్చుని, సీటు వీపును పట్టుకుని ఆనుకోవచ్చు, అయితే పక్కన ఒకరు గట్టిగా పట్టుకుని ఉండాలి, బండి నెమ్మదిగా పోవాలి. బయల్దేరేముందు మూత్రానికి పంపించండి. చేతిలో నీళ్ళ సీసా, శుభ్రమైన పాత చీరలు రెండు, ఆసుపత్రి కార్డు, ఆధార్ ఉండాలి. ముక్కాలనిపిస్తోందని తను అంటే బండి పక్కకు ఆపి 108కు ఫోన్ చేసి ఎక్కడున్నారో చెప్పండి, వాళ్ళు ఫోన్‌లోనే ఏం చేయాలో చెప్తూ వస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్త నంబరు ఇప్పుడే మీ ఫోన్‌లో పెట్టుకోండి, వీలైతే ఆమెను వెంట తీసుకెళ్ళండి.